సుకుమారి మిషన్

నా భార్య సుకుమారిని చంపింది ఆమె పైఅధికారి సుందర్‌రాజు. జ్వరంతో ఉన్న మనిషికి సెలవు ఇవ్వకుండా కంప్యూటర్ గదిలో పని చేయించాడు.

ఆ మాట మేనేజర్ ముందు అతని నోటనే చెప్పించాలని, పందొమ్మిది వందల డెబ్బై ఎనిమిదిలో ఒక పొద్దున నేను నడిపే లేత్ ఆపి, మా పటాన్‌చెరు ఫ్యాక్టరీలోనే ఉన్న ఆ గదికి వెళ్లాను. అతను కాగితం చుట్ట బిగించిన కీబోర్డు ముందు కూర్చుని ఉన్నాడు.

“రా అంజన్నా. సుకుమారక్క మిషన్ తీసేస్తున్న. కొత్త పిల్లకు జాగ కావాలె.”

“ఏ మిషన్? ఈడున్నది ఒక్కటే గదా.”

“పెట్టె ఒక్కటే. గిట్ల ఆర్డర్లు టైపు కొడితే అండ్లనే మనిషికొక కండ్లకు కానరాని మిషన్ తయారైతది. ఎవలది వాళ్లదే, ఇంకొకరు చెయ్యి పెట్టరాదు. అక్క తనది తానే చేసుకున్నది.”

“ముచ్చట్లు బంద్ చెయ్. సెలవెందుకియ్యలే?”

అతని చేతులు ఆగాయి.

“ఇచ్చిన అన్నా. ఇంట్ల పండుకో అక్కా అన్న. వద్దన్నది.”

“అబద్ధం. జరంల ఎవలన్న పనికొస్తరా?”

“నేను గదే అడిగిన. ‘ఇంట్ల ఉప్పుడబ్బా జరిపినా ఆయన లొల్లి చేస్తడు తమ్మీ. ఈడ నాదంటూ ఒకటున్నది, కూసోనియ్యి’ అన్నది.”

ఉప్పుడబ్బా సంగతి మా ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియదు. ఆమె చెబితేనే అతనికి తెలియాలి.

“కొన్నాళ్లు ఉంచమంటవా అన్నా?” అని మెల్లగా అడిగాడు.

“తీసెయ్.”

అతను ఒక్క వరుస టైపు చేశాడు. కాగితం కాస్త పైకి జరిగింది. అంతే.

మేనేజర్ దగ్గరికి వెళ్లలేదు. సుందర్‌రాజును క్షమించలేదు, ఆమెనూ క్షమించలేదు. ఈ సంగతి మళ్లీ నా నోట రాదు.