బూరుగుదూది పరుపు

పరుపు వద్దన్నాడు నాయన.

"సేవకు పోయేటోళ్ళు పరుపు మోసుకుని పోతారా పాపా? చాప చాలు."

సలోమి మూతి ముడుచుకుంది. హిందూపురంలో రోడ్ల కంట్రాక్టరు దేవదానంగారి పెద్దకూతురు ఆమె. బుద్ధెరిగాక చాప మీద పడుకున్నది లేదు. ఆ పరుపు కూడా అలాంటిలాంటిది కాదు. కుట్టే మనిషిని ఇంటికే పిలిపించి, వసారాలో కూర్చోబెట్టి, రెండు రోజులు కుట్టించిన బూరుగుదూది పరుపు. పైన ఫ్యాను తిరుగుతుంటే దాని మీద పడుకుని నవలలు చదవడం ఆమెకున్న ఒకే ఒక్క పని. ఆ పని మాత్రం చాలా శ్రద్ధగా చేసేది.

వాళ్ళ చర్చి ఆడపిల్లలు ఏటా క్రిస్మస్ సెలవుల్లో పెనుకొండ దగ్గరున్న కుష్ఠురోగుల ఆశ్రమానికి పోయి పది రోజులు సేవ చేసి వస్తారు. సలోమి ఏటా ఏదో ఒక తలనొప్పి తెచ్చుకుని తప్పించుకునేది. 1957లో మాత్రం ఆమె ఆటలు సాగలేదు. క్రిస్మస్ దాకా ఆగకుండా జులైలోనే, తోడెవరూ లేకుండానే పంపుతానని నాయన పట్టుబట్టాడు. సుఖాలకు అలవాటుపడి చెడిపోతున్నావు, కష్టమంటే ఏమిటో చూసి రా అన్నాడు. ఇంట్లో ఆమె తినే కంచం, తాగే గ్లాసు కూడా మూటలో పెట్టించాడు. ఆశ్రమం గేటు దాకా జట్కాలో వచ్చి, లోపలికి రాకుండానే వెనక్కి తిరిగాడు. రైలుకు వేళయిందట.

ఒక పొడుగాటి గది. ఆరు చాపలు. పొద్దున గంజి, మధ్యాహ్నం రాగిసంగటి. సిస్టర్ గ్రేసమ్మ మాట లేనిదే ఎవరికీ గేటు తెరవరు. పొద్దున్నే అందరితోపాటు వరసలో నిలబడి ఒక మాత్ర మింగాలి. జబ్బు అంటకుండా కాబోలనుకుని సలోమి మింగేసేది. మధ్యాహ్నం ధర్మవరం వైపు నుంచి హిందూపురం రైలు పొలాల అవతల పోతుంటే కంచె పట్టుకుని నిలబడి, అది కనపడకుండా పోయేదాకా చూసేది. అప్పుడు ఏడుపొచ్చేది.

అయినా మనిషి ఏడ్చి ఏడ్చి ఎన్నాళ్ళు ఏడుస్తుంది? వారం తిరిగేసరికి గది ఊడవడం నేర్చుకుంది. ఒకరోజు పొయ్యి మీది గంజికుండను ఉత్త చేతుల్తో దించింది. పనికి చేతులు భలే అలవాటుపడ్డాయే అని తనకు తానే మురిసిపోయింది. సిస్టర్ పరుగున వచ్చి ఆ చేతులు రెండూ తిప్పి తిప్పి చూసింది. బొబ్బలెక్కిన చోటల్లా మందు రాసింది.

పదో రోజు నాయన రాలేదు. సలోమి మూట కట్టుకుని గేటు దగ్గర సాయంత్రం దాకా కూర్చుంది. సిస్టర్ వచ్చి పక్కన కూర్చుంది.

"మీ నాయన నీకు ఏం చెప్పి పంపినాడమ్మా?"

"పది దినాలు సేవ చేసి రమ్మన్యాడు."

సిస్టర్ ఆమె ఒళ్ళోని మూట తీసి పక్కన పెట్టింది. ఆయన్ను రమ్మని తానే జాబు రాస్తానని, ఏ మాటైనా ఆయన నోటితోనే చెబితే మంచిదని అంది. ఆ జాబుకు జవాబు రాలేదు. నెల గడిచింది.

సలోమి పక్క చాప కుళ్ళాయమ్మది. నల్లమాడ దగ్గర ఏదో పల్లె. చేతికి వేళ్ళు మిగల్లేదు. తుంటి మీద పుండు. ఎటు తిరిగి పడుకున్నా నొప్పే. ఇరవైరెండేళ్ళ కిందట మొగుడు ఆమెను కదిరి తిరునాళ్ళకని బండెక్కించాడు. బండి ఇక్కడ ఆగింది.

సలోమికి ఒళ్ళు మండిపోయింది. కట్టుకున్నదానికి ఇంత మోసమా?

"నిజం చెప్పి దించినా బాగుండు కదా అవ్వా."

"చెప్పేదానికి నోరు రావద్దా పాపా?" అంది కుళ్ళాయమ్మ.

ఆ సాయంత్రమే సలోమి ఇంటికి ఉత్తరం రాసింది. నాయనా, నువ్వన్నది నిజం, పరుపు లేకపోయినా నిద్ర పడుతుంది అని రాసింది. నా పరుపు కుళ్ళాయవ్వకు పంపించు, నేనొచ్చాక చాప మీదే పడుకుంటాను అని రాసింది. పుట్టి ఇన్నేళ్ళకు తనది ఒకటి ఇంకొకరికి ఇవ్వడం అదే మొదటిసారి. ఎంత హాయిగా ఉందో ఆమెకు. నాకా, పరుపా అని కుళ్ళాయమ్మ నవ్వింది. నవ్విందే గానీ, పరుపు వేసే చోటు రెండుసార్లు ఊడ్చి పెట్టుకుంది.

ఆదివారం లింగప్ప వచ్చాడు. సలోమిని భుజాల మీద మోసి పెంచిన ఇంటి పనిమనిషి. బూందీ డబ్బా గేటు దగ్గర నేల మీద పెట్టి, నాలుగడుగులు వెనక్కి పోయి నిలబడ్డాడు.

"పరుపేది లింగప్పా?"

"పంపిస్తారంట," అన్నాడు ఎటో చూస్తూ.

కుళ్ళాయమ్మ అప్పటికే కట్టె పొడుచుకుంటూ వసారాలోకి వచ్చి చూస్తోంది. ముసలామె ముందు మాట పోతుందని సలోమికి రోషం వచ్చింది.

"వాళ్ళు పంపేదేంది? నేనే నీతో వస్తా. రేపు నేనే తెచ్చిస్తా. ఉండు, సిస్టర్‌తో చెప్పి మూట తెచ్చుకుంటా."

"వద్దు పాపా," అన్నాడు లింగప్ప. తుండుగుడ్డతో కళ్ళు ఒత్తుకున్నాడు. "ఇంగ యాడికొస్తావు తల్లీ, నువ్వు ఈడికొచ్చిన దినమే నీ పరుపూ నీ బట్టలూ అన్నీ పెరట్లో ఏసి కాల్చేసినారు."