చింతగింజల లెక్క

"గిది బడా, ఆటలాడే జాగనా?"

సత్తార్ అరుపుకు తరగతి గదిలో గింజల చప్పుడు ఆగిపోయింది. అతని వెనకాలే వాకిట్లో అన్న అన్వర్, చేతిలో మేకల కర్ర. మేకలకు మనిషి కావాలి, తమ్ముడి కూతురు తాహెరాను బడి మాన్పించమని ఇంట్లో పట్టుబట్టింది ఆయనే.

మట్టినేల మీద రెండు వరసల గుంటలు, చుట్టూ పిల్లలు. మధ్యలో తాహెరా గుప్పిట్లో చింతగింజలతో కూర్చుని ఉంది.

ఎలీషమ్మ పంతులమ్మ లేచి నిలబడింది. "లెక్కలు జెప్తున్న సత్తార్ భాయ్. దేశాల నడుమ లడాయి మొదలైనకాడికెల్లి పలకలు దొరుకుతలేవు. చింతగింజలు దొరుకుతున్నయి గద."

"వామనగుంటలు ఇంట్ల గూడ ఆడ్తరు. గీ మాత్రం దానికి బడెందుకు? దా బేటీ, పోదం."

తాహెరా కదల్లేదు. గుప్పిట మాత్రం ఇంకా బిగించింది.

"ఒక్క ఆట ఆడుర్రి పిల్లతోని," అంది ఎలీషమ్మ. "మీరు గెలిస్తే తీస్కపోండ్రి. ఓడితే బడి మాన్పియ్యొద్దు."

అన్వర్ పగలబడి నవ్వాడు. "ఆడు తమ్మీ! మా అత్వెల్లి ఊర్ల వీన్ని ఓడించినోడు ఇంక పుట్టలేదు పంతులమ్మా."

సత్తార్ తలపాగా సర్దుకుని చతికిలబడ్డాడు.

"మా బడిల ఒక షరతున్నది," అంది ఎలీషమ్మ. "గింజలు ఎత్తకముందే, ఆఖరి గింజ ఏ గుంటల పడ్తదో చెప్పాలె. తప్పితే ఆట అవతలోల్లది."

ఒక గుంటలోవన్నీ తీసి, వరసగా ఒక్కో గుంటలో ఒక్కో గింజ వేస్తూ పోవాలి. ఆగిన చోట పక్కది ఖాళీ గుంటయితే, దాని తర్వాతి గుంటలోవి దక్కుతాయి. సత్తార్ గాల్లో వేలు ఆడిస్తూ, పెదవులు కదుపుతూ లెక్కపెట్టి చెప్పాడు. తాహెరా వేలు కదపలేదు. కళ్లతోనే ఓ చుట్టు చుట్టి, "నీ దిక్కు రెండోది" అంది. గింజ అక్కడే పడింది. మళ్లీ చెప్పింది, మళ్లీ అక్కడే. మేకలన్నీ ఇంటికొచ్చాయా లేదా అని అన్నదమ్ములిద్దరూ రోజూ సాయంత్రం తగువు పడే ఇంట్లో పుట్టిన పిల్ల! బెత్తం ముట్టకుండా ఇంత నేర్పిన ఆ పంతులమ్మకు చేతులెత్తి మొక్కాలి.

సత్తార్ ఆట మరిచి కూతురి మొహమే చూస్తున్నాడు.

"జల్దీ కానియ్," అన్నాడు అన్వర్. "మేకలు ఎదురు చూస్తున్నయి."

ఇద్దరి ముందూ కుప్పలు దాదాపు సమానంగా ఉన్నాయి. సత్తార్ చెయ్యి మూడో గుంట మీదికి వెళ్లింది, అక్కడే కాసేపు ఆగింది. నుదుటి చెమట తుడుచుకుని ఆ పక్క గుంట ఎత్తాడు. ఒక్క గింజా దక్కలేదు. తాహెరా తన వంతు రాగానే చెప్పి మరీ ఊడ్చేసింది.

పిల్లలు గంతులేశారు. అన్వర్ మొహం మాడిపోయింది.

"థూ! గింత పొల్ల చేతుల ఓడి ఇజ్జత్ తీసినవ్ గదరా!"

"ఏం జేద్దాం భాయ్, జబాన్ ఇస్తిని, మాట మాటే," అన్నాడు సత్తార్ తల వంచుకుని. అన్న చేతిలోని కర్ర తనే అందుకున్నాడు. "ఇగ మేకలు నేనే కాస్త."

అన్వర్ గొణుక్కుంటూ ముందు నడిచాడు. సత్తార్ గడప దాటుతుంటే తాహెరా ఉరికొచ్చి చెయ్యి పట్టి లాగింది. వంగిన తండ్రి చెవిలో మెల్లగా అంది:

"అబ్బాజాన్, మూడో గుంట ఎత్తుంటే నువ్వే గెలుస్తుంటివి. నాకు తెల్సు. నీకు గూడ తెల్సు."