తోడేలు బతకాలి

“అది చావాలి అనమను, చాలు. తరగతిలోకి రానిస్తాను,” అంది బడి పెద్ద ఎర్సీలియా.

నాలుగేళ్ల జెమ్మా పెదాలు బిగించుకుని తల్లి నీవెస్ కోటు వెనక్కి నక్కింది.

“అనదు,” అంది నీవెస్. ఆమె గొంతు కొన్ని వారాలుగా జీరబోయి ఉంది.

గొడవంతా ముందురోజు పరుగుపందెం దగ్గర మొదలైంది. పందేనికి ముందు టీచరు “తోడేలు నోట్లో పడండి” అని పిల్లల్ని దీవించింది. రోమ్‌లో ఎవరికి శుభం పలకాలన్నా ఆ మాటే అంటారు. “అది చావాలి” అని బదులివ్వకపోతే అరిష్టమని భయం. పిల్లలంతా అలాగే అరిచారు. జెమ్మా ఒక్కతే “తోడేలు బతకాలి” అంది. పక్కవాడు వెక్కిరిస్తే వాడి చెయ్యి కొరికింది.

“కొరకడం తప్పే మేడం. వాళ్లమ్మకి నేనే వెళ్లి క్షమాపణ చెప్పుకున్నాను.”

“కొరకడం గురించి కాదమ్మాయ్.” ఎర్సీలియా గొంతు తగ్గించింది. “మీ పిల్ల ఏం చెబుతోందో తెలుసా? అమ్మ నేలకింద గదిలో తోడేలుకి మొక్కుతుందట. ముసుగేసుకున్నవాడెవడో కత్తితో వస్తాడట. అమ్మ రోజూ చస్తుందట. ఇదంతా పిల్ల కల్పించిందా?”

నీవెస్ గోడకేసి చూసింది. “కల్పించలేదు.”

“అయితే మీరంతా ఎవరు?”

“చెప్పనని మాటిచ్చాను.”

పాస్తా గిన్నె పట్టుకుని వెళుతున్న వంటమనిషి తోస్కా గుమ్మం దగ్గర ఆగింది. “రోమా ఫుట్‌బాల్ జట్టు చొక్కా మీదా తోడేలే కదా సిన్యోరా. ఆదివారం స్టేడియానికెళ్లి అందర్నీ నిలదీస్తారా ఏంటి?”

“నీ సాసు మాడుతోంది, పో.”

“మాడనివ్వండి. ఇలాంటి కబుర్లు రోజూ దొరుకుతాయా?”

ఎర్సీలియా తలుపు మూసేసి వచ్చింది. “చదువు లేకపోతే ఇంతే. ఎవడేం చెప్పినా నమ్మేస్తారు. ఆ జంతువు నీకేమిచ్చిందని?”

నీవెస్ చెవులు వేడెక్కాయి. చదువు మాట ఎవరెత్తినా ఆమెకు అంతే.

“తల్లి తోడేలు పిల్లని ఎలా మోస్తుందో చూశారా మీరు? పళ్ల మధ్య పెట్టుకుని మోస్తుంది. దాని పిల్లకి ఆ నోటికన్నా భద్రమైన చోటు ఈ లోకంలో లేదు. ఆ నోరు చావాలని నా కూతురెందుకు అనాలి?”

ఎర్సీలియా బదులు మెత్తగా లేదు.

“సోమవారం దాకా చూస్తాను. ఇదంతా వదిలేశానని అందరి ముందూ చెప్పు. లేదంటే పిల్లల సంరక్షణ వాళ్లకి ఫోన్ చేస్తాను. పిల్ల నీ దగ్గర ఉండాలో వద్దో వాళ్లే తేలుస్తారు.”

జెమ్మా తండ్రి ఎక్కడున్నాడో నీవెస్‌కే తెలియదు. నోరు విప్పితే ఆ నేలకింద తలుపు ఆమెకు మళ్లీ తెరవరు. విప్పకపోతే పిల్లే దక్కకుండా పోతుంది. అయినా తలెత్తింది.

“శుక్రవారం మేమే బయటికొస్తాం మేడం. ఆ తర్వాత మమ్మల్ని ఎవరూ దాచలేరు. ఊరూరా మా కోసం వెతుక్కుంటూ వస్తారు, చూడండి.”

ఎర్సీలియా చెయ్యి మెడలోని శిలువ మీదికి పోయింది.

ఆ సాయంత్రం స్నానం చేయిస్తుంటే జెమ్మా అడిగింది, “నేను ‘అది చావాలి’ అనేస్తే మేడం నిన్ను తిట్టదా?”

“తిట్టనీ. నువ్వనకు.”

“నన్ను పట్టుకుపోతారా?”

“నా పళ్ల మధ్యనుంచి నిన్నెవడు లాగుతాడే?” అంది నీవెస్. సబ్బు జారిపోతే మూడోసారి గానీ చేతికి చిక్కలేదు.

సోమవారం గేటు దగ్గర ఎర్సీలియా ఒక్కతే లేదు. శుక్రవారం మాటకు హడలిపోయి స్టేషన్ నుంచి ఒక కుర్ర పోలీసును రప్పించుకుంది. నిద్రలేక అతని కళ్లు ఎర్రబడి ఉన్నాయి. మిగతా తల్లులు పిల్లల్ని పొట్టకు అదుముకుని నిలబడ్డారు. తోస్కా వంటగది కిటికీ బార్లా తెరిచింది.

ఇచ్చిన మాట శుక్రవారంతో తీరిపోయింది. ఇక చెప్పేయొచ్చు. ఒక్క మాటలో అయిపోతుంది. దారి పొడుగునా నీవెస్ ఆ మాటే వల్లెవేసుకుంటూ వచ్చింది.

“ముందు తల్లి అనాలి,” అంది ఎర్సీలియా అందరికీ వినబడేలా. “తర్వాత పిల్ల. తోడేలు చావాలి అను.”

వల్లెవేసుకున్న మాట నీవెస్ నోట్లోనే ఆగిపోయింది. వీళ్లకు తను సంజాయిషీ ఇచ్చుకోవడమేమిటి? జెమ్మా చెయ్యి వదిలి, కాళ్లు ఎడంగా పెట్టి నిలబడింది. పొత్తికడుపులోంచి వచ్చిందా గొంతు. జీర ఏమైందో తెలియదు.

“పోప్ సేనలు రానీ, ముసుగు కత్తులు రానీ. మేం తోడేలు నోట్లో పెరిగినవాళ్లం. మీకు మా మెడలు దొరుకుతాయి, మా మాట దొరకదు. తోడేలు బతకాలి.”

ఒక పసివాడు ఏడుపు లంకించుకున్నాడు.

“బతకాలి,” అంది జెమ్మా.

“విన్నారా?” ఎర్సీలియా పోలీసు వైపు తిరిగింది. “మీ ఎదుటే అంది. ఇంకేం సాక్ష్యం కావాలి? చూస్తూ నిలబడతారేంటి?”

అతను కదల్లేదు. నీవెస్‌ను చూస్తూ టోపీ తీశాడు.

“ఆ చివరి మాట ఇంకోసారి అంటారా, సిన్యోరా?”

“వందసార్లైనా అంటాను. తోడేలు బతకాలి.”

అతను కళ్లు మూసుకుని విన్నాడు. తెరిచేసరికి మొహం కందిపోయి ఉంది.

“మేడం, శుక్రవారం వచ్చిన కొత్త వీడియో గేమ్‌లో తోడేలు మనిషి గొంతు ఇదే. నిన్నంతా నేను చంపుతున్నది ఈవిడనే.”