కందిరీగ ఓటు

అక్క తడిబట్టలు దులిపి బాల్కనీ తీగ మీద ఆరేస్తోంది. క్లిప్పుల బుట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న తమ్ముడు ఒక్కొక్కటే అందించాలి. అందించడం మానేసి పది నిమిషాలైంది. ఫోను మీంచి కళ్ళు తిప్పడం లేదు.

"దొరికాడక్కా! కందిరీగ గాడు దొరికాడు!"

"ముందు క్లిప్పివ్వు. దుప్పటి జారిపోతోంది."

కందిరీగ ఎవరో అక్కకి తెలుసు. రెండు పూటలా భోజనంలో ఆ పేరు వినకుండా ముద్ద దిగితేగా! చిన్న చిన్న లైబ్రరీల్లో ఏ పుస్తకం ఎవరు తీసుకెళ్ళారో, ఎప్పుడు తెచ్చారో చూసుకునే సాఫ్ట్‌వేర్ ఒకటి తమ్ముడు తొమ్మిదేళ్ళ కిందట మొదలుపెట్టాడు. ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు, ఎవరైనా బాగుచేయవచ్చు. ఇప్పుడు నూట ఎనభై మంది ఎక్కడెక్కడి నుంచో బాగుచేస్తున్నారు. ఒకరి మొహం ఒకరికి తెలియదు. అందరివీ మారుపేర్లే. పునాది వేసినవాడు కనుక తమ్ముణ్ణి మేస్త్రీ అంటారు. ఆ మేస్త్రీ పనిలో పద్నాలుగు తప్పులున్నాయని అందరి ముందూ వరసపెట్టి చూపించినవాడు కందిరీగ.

"ఏం చేశాడట?"

"కొత్తగా చేరిన అమ్మాయెవరో మొదటిసారి ఏదో రాసి పంపితే, నలుగురిలో ఏడిపించాడట. నీకిది చేతకాదు, పొమ్మన్నాడట. ఫిర్యాదొచ్చింది. మధ్యాహ్నంలోపు మేం ముగ్గురం ఓట్లెయ్యాలి."

"వాడేనని రాసుందా?"

"పేర్లు రాయరక్కా. ఓట్లయ్యేదాకా కార్యదర్శికి తప్ప ఎవరికీ తెలియదు. అసలు మాటలు కూడా చూపించరు, సారాంశమే. మాట తీరు చూసి మనిషిని పోల్చేస్తారని నేనే పెట్టాను ఆ రూలు."

రూళ్ళన్నీ అతనే పెట్టాడు. ఒకరితో ఒకరు ఎలా మెలగాలో, ఎంత మర్యాదగా మాట్లాడాలో ఇరవై రెండు పేజీలు రాశాడు. రాసిన నాలుగు నెలలూ ఇంట్లో ఎవరు దగ్గినా కసిరాడు.

"పేరు లేనప్పుడు వాడేనని నీకెలా తెలిసింది?"

"ఇంకెవడికుంది అంత నోరు?"

"నీ తప్పులు చూపించాడన్నావు గానీ, తిట్టాడని ఎప్పుడూ చెప్పలేదే."

"నీకేం తెలుస్తుంది? నువ్వు బట్టలారేసుకో."

అక్క ఆరేసుకుంది. పదహారేళ్ళుగా ఆస్పత్రిలో నర్సు. కసుర్లు ఆమెకి కొత్తేమీ కాదు.

"ముగ్గురంటే ఎవరెవరురా?"

"నేను, యూనివర్సిటీ మేడం, మా ఖర్మ కొద్దీ కందిరీగ. ఎన్నికల్లో గెలిచి కూర్చున్నాడుగా."

"అయితే తన తప్పుకి తనే తీర్పు చెప్పుకుంటాడా?"

తమ్ముడు పడీపడీ నవ్వాడు. "ముగ్గురిలో ఒకడి మీదే ఫిర్యాదొస్తే ఏం చెయ్యాలో రాయడం మర్చిపోయాను. మర్చిపోవడమే మంచిదైంది, చూడు!"

అక్క బకెట్లోంచి చొక్కా తీసి పిండింది. "మా వార్డులో నోరు జారినవాళ్ళ చేత సారీ చెప్పిస్తారు. ఈసారికి మందలించి వదిలెయ్యండి, పోనీ."

"వదిలేస్తేనే నెత్తికెక్కుతారు. శాశ్వత బహిష్కారం! తన చేత్తో రాసిన లైను కూడా మళ్ళీ ముట్టుకోనివ్వం. అప్పీలూ లేదు, గిప్పీలూ లేదు."

"ఎన్నాళ్ళ నుంచో కష్టపడ్డవాడు కదరా. ఒక్క మాటకా?"

"ఒక్క మాట చాలు." బొటనవేలితో టక్కున నొక్కాడు.

బకెట్లో రెండు తువ్వాళ్ళు మిగిలి ఉండగానే ఫోను మోగింది. తమ్ముడు నిటారుగా కూర్చుని పైకి చదివాడు.

"మేడం ఓటు బహిష్కారానికి. నాదీ దానికే. కందిరీగ... హెచ్చరిక చాలట! విను, కింద ఏం రాశాడో. 'ఇతనెవరో నాకు తెలియదు. నోరు చెడ్డదే. కానీ మనిషిని పోగొట్టుకోవద్దు.' చూశావా అక్కా! గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడు. తన కోసం తనే ఎలా బతిమాలుకుంటున్నాడో!"

"పేరొచ్చిందా?"

"వస్తుంది, వస్తుంది. అడుగున ఉంటుంది."

తెరని వేలితో పైకి జరిపాడు. నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది, కళ్ళు మాత్రం నవ్వడం మానేశాయి. లేచేసరికి ఒళ్ళోని బుట్ట బోర్లా పడి క్లిప్పులు బాల్కనీ అంతా చెల్లాచెదురయ్యాయి. ఫోను కిటికీ గట్టు మీద పెట్టాడు.

"ఒరేయ్, ఏమైందిరా?"

చెప్పుల్లో కాళ్ళు దూర్చి, తలుపైనా వెయ్యకుండా మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

అక్క చేతులు తుడుచుకుని ఫోను అందుకుంది. అడుగున ఒకటే వరస ఉంది.

"శాశ్వతంగా బహిష్కరించిన సభ్యుడు: మేస్త్రీ."