రోజుకో అక్షరం

బాలనర్సమ్మ ఫోన్ పట్టిందంటే చాలు, గురవయ్య పేపర్ తెరిచేవాడు. చదవడానికి కాదు.

కల్వకుర్తి కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైన గురవయ్య, అంతకుముందు ఫౌజులో ఉన్నాడు. డెబ్బై ఒకటి యుద్ధంలో శత్రువుల వైర్‌లెస్ సందేశాల గుట్టు విప్పడమే ఆయన పని. అలాంటివాడి ఇంట్లోనే, బడి మొహం చూడని భార్య అచ్చంపేటలో ఉన్న చెల్లెలు నాగరాణితో ఫోన్‌లో ఏదో వింత భాష మాట్లాడేది.

శత్రువులది మూడు రోజుల్లో విప్పినవాడికి, భార్యది పదకొండు రోజులు పట్టింది. ఆమె ప్రతి మాటనూ తిరగేసి, నడుమ ఒక అక్షరం దూర్చేది. ఆ అక్షరం రోజూ మారేది. సోమవారం 'స', మంగళవారం 'మ'.

గుట్టు తెలిసిపోయిందని అవతలివాళ్లకు తెలియకూడదు. ఫౌజులో నేర్చిన మొదటి పాఠం అది. అందుకే గద్వాల చీర మీద ఆమెకు మనసైందని విన్నా, వారం ఆగి తెచ్చాడు.

"నా మనసుల మాట నీకెట్ల ఎరుకైంది?" అంది బాలనర్సమ్మ, కళ్లు పెద్దవి చేసి.

ఆయన మీసం దువ్వుకున్నాడు. తన దొంగ బీడీల సంగతి ఆమె కనిపెట్టిందని విన్నప్పుడూ అంతే, వారం ఆగి మానేశాడు. ఇరవై ఏళ్లు ఇలాగే గడిచాయి.

కిందటేడు గుండెకు ఆపరేషన్ తప్పదన్నారు డాక్టర్లు. గురవయ్య ససేమిరా అన్నాడు. కొడుకు పరమేష్ కాళ్లావేళ్లా పడ్డాడు. బాలనర్సమ్మ మాత్రం పల్లెత్తు మాట అనలేదు. సాయంత్రం చెల్లెలికి ఫోన్ చేసింది.

పేపర్ వెనక గురవయ్య ఒక్కో మాటా విప్పుకున్నాడు. ఆయన ఆపరేషన్‌కు ఒప్పుకునేదాకా తనూ బీపీ గోలీలు ముట్టదట. నాలుగు రోజులుగా మింగడమే లేదట.

ఈసారి వారం ఆగలేదు. తెల్లారేసరికి సంచి సర్దుకుని దవాఖానకు తనే బయలుదేరాడు.

ఆపరేషన్ బాగా జరిగింది. పలకరించడానికి నాగరాణి వచ్చింది. బాలనర్సమ్మ చాయ్ తేవడానికి కిందికి వెళ్లగానే గురవయ్యకు నాలుక దురద పెట్టింది. ఆ రోజు బుధవారం. మాటలు తిరగేసి, నడుమ 'బ' దూర్చి, మీ అక్కాచెల్లెళ్ల రహస్యాలన్నీ నాకు తెలుసని మరదలితో అనేశాడు.

నాగరాణి బిత్తరపోయి చూసింది.

"గీ బీమారి నీకు గూడ పట్టిందా బావా? అక్క ఫోన్ల గిట్లనే మాట్లాడుతది, నాకొక్క ముక్క సమజ్ గాదు, అడిగితే 'నువ్వు ఊఁ అంటుండు చాలు, ఇనాల్సినోడు ఇంట్లనే ఉన్నడు' అంటది."