మెరుగు పెట్టిన పసుపు

పళ్ళెం మీది తెల్లగుడ్డ తీసిన భూమేశ్వర్ మళ్ళీ ఒకసారి వంగి చూశాడు.

అందులో ఉన్నది తన పసుపు కాదు.

నిన్న సాయంత్రం నిగనిగలాడే కొమ్ములు సర్ది వెళ్ళాడు. ఇప్పుడు చూస్తే మట్టిరంగువి, గరుకువి, మెరుగన్నది ఎరగనివి. అవతల హాలు తలుపులు తెరుస్తున్నారు.

1995లో దుబాయిలో జరిగిన మసాలా దినుసుల ప్రదర్శన అది. హైదరాబాదులో ఎంబీఏ చదువుతున్న భూమేశ్వర్ కాలేజీ తరఫున రెండు నెలల మార్కెటింగ్ ఇంటర్న్‌షిప్‌కని అక్కడి కంపెనీకి వచ్చాడు. “మీ ఊరి సరుకుకు ఒక్క ఆర్డరు పట్టుకురా, సర్టిఫికెట్టు ఇస్తాను” అన్నాడు మేనేజరు.

ఆర్మూరు గంజ్‌లో, అంటే పసుపు మార్కెట్టులో, అడ్తి దుకాణం నడిపే తండ్రి వెంకటరాజం ఐదు కిలోల కొమ్ములు దగ్గరుండి ఏరించి, సంచి కుట్టించి, దాని మీద అడ్తి పేరు రాయించి పంపాడు. ఆర్డరు తెచ్చిన రోజున అడ్తి తాళాలు నీవేనని మాట కూడా ఇచ్చాడు. ఎనిమిదో తరగతి నుంచీ హాస్టళ్ళలోనే పెరిగినవాడికి అంతకన్నా ఏం కావాలి?

ఆ ఒక్క ఆర్డరూ ఇవాళ రావాలి.

“ఎవలు మార్చిన్రు?” అని అరిచాడు.

గోదాములో మూటలు మోసే దేవయ్య ముందుకొచ్చాడు.

“నేనే మార్చిన, చిన్న సేటు.”

దేవయ్యది ఆర్మూరు దిక్కు సిరికొండ. పరాయి దేశంలో మనూరి మాట వినబడితే చుట్టం దొరికినట్టే కదా. ప్రతి శుక్రవారం పచ్చిపులుసు చేసి, భూమేశ్వర్‌ను పిలిచి మరీ అన్నం పెట్టేవాడు.

“ఎందుకు మార్చినవ్?”

“గిది మా చేన్ల పండిన పసుపు. వండుకునేతందుకు తెచ్చుకున్న. గిదే పెట్టుండ్రి, మంచిగుంటది.”

“నా పసుపేది?”

“మోరిల పారబోసిన.”

ఐదు కిలోల పసుపూ మురికికాలువ పాలు! అన్నం పెట్టిన చేత్తోనే నోట్లో మట్టి కొట్టాడు ఈ మనిషి.

బేరగాళ్ళు వచ్చారు. మట్టిరంగు కొమ్ముల వైపు ఓ చూపు విసిరి ముందుకు నడిచారు. పక్క బల్ల మీద ధగధగలాడే పసుపు చుట్టూ జాతరలా మూగారు. సర్కారు తనిఖీవాళ్ళు మాత్రం ఏ బల్లనూ వదలకుండా గుప్పెడేసి కొమ్ములు పొట్లం కట్టుకుపోయారు.

సాయంత్రానికి భూమేశ్వర్ ఆర్డరు బుక్కులో ఒక్క గీత పడలేదు.

నేరుగా మేనేజరు దగ్గరికి వెళ్ళి, దేవయ్య తన సరుకు దొంగిలించాడని చెప్పాడు. దొంగ అనే మాట దగ్గర నాలుక కొంచెం తడబడింది. కానీ కడుపుమంట ముందు తడబాటెంత?

మేనేజరు దేవయ్యను పిలిపించి, ఎందుకు చేశావని హిందీలో నిలదీశాడు.

దేవయ్య ఒకసారి భూమేశ్వర్ ముఖంలోకి చూశాడు. ఏదో చెప్పబోయి మానుకున్నాడు.

“గల్తీ అయింది సాబ్” అన్నాడు, అంతే.

మూడోనాడు వీసా రద్దు చేసి విమానం ఎక్కించారు. బయల్దేరే ముందు దేవయ్య పెట్టె పట్టుకుని గుమ్మం దగ్గర ఆగాడు.

“పైలంగ ఉండుండ్రి, చిన్న సేటు.”

భూమేశ్వర్ ముఖం తిప్పుకున్నాడు. చేసేదంతా చేసి, జాగ్రత్తగా ఉండాలట!

నెల తిరిగేసరికి ఉత్త చేతులతో ఆర్మూరు చేరాడు. అడ్తిలో గుమాస్తాలు లేని సమయం చూసి తండ్రి ముందు కూలబడ్డాడు.

“ఆర్డరు రాలేదా?” అన్నాడు వెంకటరాజం.

“మన పసుపు బల్ల మీదికే రాలె బాపు. ఆడొక హమాలీ దాన్ని మోరిల పారబోసి, వాని పసుపు పెట్టిండు. తనిఖీలోల్లు తప్ప దాన్ని ఎవలు ముట్టలె.”

వెంకటరాజం నిటారుగా కూర్చున్నాడు.

“తనిఖీకి ఏ పసుపు పోయింది?”

“వానిదే. పక్క బల్లాయన పసుపుల రంగు కలిపిన్రని పోలీసులు పట్టుకపోయిన్రు. ఆయన సంగతి మనకెందుకు బాపు, నా బతుకు చూడు!”

వెంకటరాజం కళ్ళు మూసుకుని రెండు చేతులూ జోడించాడు.

“బతికినవ్ కొడుకా.”

భూమేశ్వర్‌కు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక దిగ్గున లేచాడు.

“మన పసుపుల గూడ రంగున్నదా?”

“అందరి దానికంటె మెరవాలె అని జర ఎక్కువనే కలిపిచ్చిన.”

“ఎరికుండే నాకిచ్చి తోలినవా బాపు? నేను జైల్ల పడేటోన్ని!”

“గక్కడ గింత కడక్ తనిఖీ ఉంటదని నాకేమెరుక బిడ్డా.”

కన్నతండ్రి చేసిన మోసం అది. ఇన్నాళ్ళూ తను తిట్టింది మాత్రం దేవయ్యను.

“ఆయనకెట్ల తెలిసింది బాపు? రంగు కలిసిందని ఎట్ల పోల్చిండు?”

“ఎవలాయన? పేరేంది?”

“దేవయ్య. సిరికొండ ఆయన. దొంగ అని చెప్పి ఆయన నౌకరి నేనే తీయించిన.”

వెంకటరాజం తల దించుకున్నాడు.

“నాలుగేండ్ల కింద, పసుపుకు రంగు కలుపనన్నడని మన అడ్తికెల్లి నేను ఎల్లగొట్టిన హమాలీ ఆయననే, బిడ్డా.”