స్ప్రింగుల తలవాడు

మీరు అబద్ధం ఆడుతున్నారు. ఆ పాత అంతరిక్ష సీరియల్‌ని "వీధంతా ఒకే టీవీ ముందు కూర్చుని చూశాం" అని ఫేస్‌బుక్‌లో రాసుకుని మురిసిపోతున్న మీరందరూ.

మొన్న చీపురుపల్లిలో మా పదో తరగతి వాళ్లం కలిశాం. షావుకారు భీమశంకరరావు తన మేడ మీద గోడకి ప్రొజెక్టరుతో ఆ సీరియల్ వేశాడు. రాకెట్‌ని లాగే తాడు కనిపించగానే అందరం పడీపడీ నవ్వాం. తల మీద స్ప్రింగులు పెట్టుకున్న దుష్టుడు రాగానే ఈలలు వేశాం.

ఇప్పుడు నర్సుగా చేస్తున్న లీలారాణి నవ్వలేదు. "ఈడు సెడ్డోడా?" అంది.

"ఏటే లీలా, లోకాలన్నీ తగలెట్టేస్తానని వారం వారం అరిసీవోడు కదే. మా ఇంట్లోనే సూసేవు గదా," అన్నాడు భీమశంకరరావు.

"మీ ఇంట్లో కాదు షావుకారూ, మీ కిటికీ బయట. మా పేట పిల్లలొస్తే మీయమ్మ అద్దం తలుపులు మూసీసీది. బొమ్మ అవుపించీది, మాట వినిపించీది కాదు. ఆ స్ప్రింగులోడు ఎక్కడికెళ్లినా తరిమేస్తన్నారని ఆడి కోసం మేం ఏడిసీవోలం."

"అప్పటి రోజులు అలాగుండీవి," అంటూ భీమశంకరరావు సీరియల్ ఆపబోయాడు. నేను ఆపనివ్వలేదు. నా డిమాండ్లు ఇవి.

మొదటి భాగం నుంచి మళ్లీ వెయ్యాలి.

సౌండు పెంచాలి.

లీలారాణికి ముందు వరసలో కుర్చీ వెయ్యాలి.

"వీధంతా" అన్న మాట మీరు కొట్టెయ్యాలి.

అన్ని మాటలూ విన్నాక కూడా ఆవిడ ఆ స్ప్రింగులవాడి పక్షమే ఉంటానంటే, ఎవరూ నవ్వకూడదు.